తన్ను తానెరుగని బోధకుడు

ప్రత్యేక సంచికలకు వ్యాసములు వ్రాయువారు మన పూర్వుల వలసచరిత్రమును గాని, మన పండుగలను గాని, మన కవులను గాని ప్రస్తావించుట ఆచారము. ఆ విషయములయందు మాకంటె ఎక్కువ ఎరిగినవారు ఈ సంచికలోనే పెక్కుమంది కలరు. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. తరువాతి 35 సంవత్సరములు ఒక కార్యాలయమున చిట్టా ఆవర్జాలు వ్రాయుచు గడపితిమి. ఉద్యోగవిరమణానంతరము షోలాపూరులో మా పేటయందలి సాయంకాలపు తెలుగు తరగతిలో పిల్లలకు అక్షరములు చెప్పుచున్నాము. కావున మేమెరిగిన చిన్న విషయమునే ఇచట విన్నవింపదలచితిమి. చూచుటకు అది చిన్నదే గాని, విచారించిన కొలది పెద్దదగుచున్నది.

ప్రశ్న యిది: పిల్లలకు బోధింపబూనినవాడు పాఠమును ఎరిగియున్న చాలునా? తన మనస్సును కూడ ఎరిగియుండవలెనా? ఎరుగకపోవుట లోపము మాత్రమేనా, లేక దోషము కూడనా?

షోలాపూరు తెలుగువారి సంగతి పాఠకులెరిగినదే. తెలంగాణపు పల్లెల నుండి మగ్గమును నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా ఇచట స్థిరపడినవి. మగవారు మరమగ్గములపై చద్దర్లను, తువ్వాళ్లను నేయుదురు. ఆడువారు బీడీలు చుట్టుదురు. ఒక్క వీధిలోనే మరాఠీ, తెలుగు, కన్నడము, ఉర్దూ వినబడును. మా తరగతికి వచ్చు పిల్లలు పగలు మరాఠీ బడిలో చదివి, సాయంకాలము మావద్ద తెలుగు నేర్తురు.

సాయంకాలపు బడిని పగటి బడితో పోల్చరాదు. పగటి బడికి ప్రభుత్వము కలదు, పరీక్ష కలదు, ఇష్టము లేకున్నను పోయి తీరవలసిన నిర్బంధము కలదు. సాయంకాలపు బడికి ఇవి యేవియు లేవు. దేవాలయ మండపమో, సంఘమువారి గదియో, ఎవరి వరండాయో దానికి ఆధారము. చెప్పువారిలో ఒకరు మావంటి విశ్రాంత గుమాస్తా, ఒకరు కుట్టుపని చేసికొను గృహిణి, ఒకరు కళాశాలలో చదువుచున్న యువకుడు. ప్రతిఫలము లేదు, ఉన్నను రిక్షాకూలికి చాలదు. పిల్లవాడు ఉదయము నుండి బల్లపై కూర్చుండి అలసి వచ్చును. చెప్పువారు ఉదయము నుండి లోకముతో పెనుగులాడి వచ్చును. ఇరువురి ఓపికయు అడుగంటిన వేళ ఇరువురును కలిసికొందురు. అట్టిచోట పిల్లవానిని నిలుపునది ఒక్కటే, చెప్పువారి ముఖము. అది నచ్చినచో వచ్చును. మనస్సు నొచ్చినచో మరునాడు రాడు. ఎందుకు రాలేదని ఏ అధికారియు అడుగడు.

ఇట్టి తరగతులకు మనుష్యులను చేర్చుకొనునపుడు మన సంఘములవారు "గుణింతము వచ్చునా? లెక్కలు చెప్పగలరా? వారమునకు ఎన్ని దినములు రాగలరు?" అని విచారింతురు. "మీకు కోపము ఎందువలన వచ్చును? వచ్చినట్లు మీకు తెలియునా?" అని అడుగువారు లేరు. అడిగినచో మేమైనను నొచ్చుకొనియుందుము. అడుగవలసినదే యని మాకు తెలిసివచ్చిన వృత్తాంతమును చెప్పెదము. అందలి తప్పు మాదే.

రెండేండ్ల క్రిందటి మాట. శ్రావణమాసము. మా తరగతిలో తొమ్మిదేండ్ల బాలిక యొకతె యుండెను. ఆనాడు పిల్లలను "మా యిల్లు" అను విషయముపై ఐదు వాక్యములు వ్రాయుమంటిమి. ఆ బాలిక వ్రాసిన వానిలో నాలుగు వాక్యములు తప్పు లేక యుండెను. ఐదవ వాక్యము తన తల్లి చుట్టిన బీడీలను అప్పగించుటకు కార్ఖానాకు పోవుట గురించి. అందు "కార్ఖానా" యను ఆ యొక్క మాటను మాత్రము మరాఠీ బడిలో నేర్చిన నాగరలిపిలో వ్రాసెను. మేము ఆ పుస్తకమును పైకెత్తి అందరికి చూపి, "చూచితిరా, తెలుగింట పుట్టి తెలుగు వ్రాయుటకు సిగ్గుపడు బిడ్డను!" అని నవ్వితిమి. మేము నవ్వగా పిల్లలందరును నవ్విరి. బాలిక ఏడ్వలేదు. పుస్తకమును సంచిలో పెట్టుకొని, తరగతి ముగియువరకు చేతులు ఒడిలో నుంచుకొని కూర్చుండెను. మరునాడు రాలేదు.

ఆ రాత్రి భోజనమువేళ మా గృహిణి, "ఏమండీ, మధ్యాహ్నం మనవడితో మాట్లాడినప్పటి నుంచీ మీరు మీలో లేరు. పిల్లల దగ్గర కూడా ఇట్లానే ఉన్నారా?" అనెను. "దానికిని దీనికిని సంబంధమేమి?" అని కసరితిమి. కాని ఆ ప్రశ్న మమ్ము నిద్రపోనీయలేదు. ఆ మధ్యాహ్నము పుణేలో నున్న మా మనుమడు ఫోనులో మాట్లాడియుండెను. మేము తెలుగున ఏదో అడుగగా, వాడు ముఖము పక్కకు తిప్పి, తాత ఏమనుచున్నాడని తండ్రిని మరాఠీలో అడిగెను. పరిహాసమునకు కాదు, వానికి నిజముగనే అర్థము కాలేదు. మా కుమారుడు నవ్వి, మా మాటను మరాఠీలోనికి మార్చి చెప్పెను. మేమును నవ్వితిమి. నవ్వి, లేచి, చొక్కా తొడుగుకొని తరగతికి పోతిమి.

పదునైదు దినములు గడచినను బాలిక రాలేదు. తుదకు వారింటికి పోతిమి. తల్లి చేటలో తునికాకును పొగాకును పెట్టుకొని బీడీలు చుట్టుచుండెను. వేయికి ఇంతయని కూలి; లెక్క కట్టునపుడు బాగులేనివానిని తీసివేయుదురు. కావున మాటలాడుచును ఆమె చేయి ఆపలేదు. "కూసోండ్రి సారూ. బిడ్డ రానంటున్నది. ఎందుకంటే చెప్తలేదు" అనెను. బాలిక తలుపు చాటున నిలిచి, మెల్లగా, "ఆ ఒత్తు మీరింక చెప్పలేదు కద సార్" అనెను.

అది నిజము. ఒత్తులలో మేము కొన్నింటినే చెప్పియుంటిమి. ఖకారపు ఒత్తు వరకు పోలేదు. తనకు రాని చోట వాక్యమును విడిచిపెట్టక, తెలిసిన లిపితో దానిని పూర్తి చేసినది ఆ పిల్ల. అందు సిగ్గు లేదు, భాషాద్రోహము లేదు, ఉన్నది బుద్ధి. మెచ్చుకొనదగిన పనికి మేము శిక్ష వేసితిమి.

గుమాస్తాపని చేసినవారికి ఒక నియమము తెలియును. ప్రతిదినము చిట్టా తెరవగనే మొదటి పంక్తిలో నిన్నటి నిల్వను వ్రాయవలెను. దానిని వ్రాయక నేటి పద్దులు మొదలిడినచో సాయంకాలమునకు లెక్క కుదురదు. ఎంత జాగ్రత్తగా కూడినను కుదురదు, ఏలననగా తప్పు కూడికలో లేదు. ఆనాడు మా చిట్టాలో మొదటి పంక్తి ఖాళీగా నుండెను. మనుమని మాట వలన కలిగిన బాధ ఒక బాకీ యనుకొన్నచో, దానిని తీర్చవలసినవారు ఎవరు? మా కుమారుడు కొంత. అంతకంటె ఎక్కువ మేమే. ఏలననగా అతని బాల్యమున, మరాఠీయు ఇంగ్లీషును వచ్చిన చాలునని, అతనికి తెలుగు అక్షరములు చెప్పనివారము మేమే. ఆ బాకీని ఒక పరాయి బిడ్డ వద్ద వసూలు చేసితిమి. అత్తమీది కోపమును దుత్తమీద చూపుట యని మన పెద్దలు దీనినే అనిరి. దుత్త పగిలినందున అత్తతోడి తగవు తీరదు. ఇంటిలోని పాలు మాత్రము పోవును.

ఇచటనే నీతికి సంబంధించిన చిక్కు కలదు. కోపముతో నున్నానని తెలిసియు పసివానిని నొప్పించువాడు దోషి యనుటలో వివాదము లేదు. మేము అట్లు చేయలేదు. ఆ నిమిషమున మాకు కోపమున్నట్లే తెలియదు. మాకు తోచినది భాషాభిమానము. ఎరుగక చేసినదానికి బాధ్యత యుండునా యని కొందరు మిత్రులు మమ్ము ఓదార్చిరి. మేము చాలకాలము ఆలోచించి, ఆ యోదార్పును స్వీకరింపజాలకపోతిమి. నిల్వ వ్రాయని గుమాస్తా, "నిల్వ యెంతయో నాకు తెలియదు" అని తప్పించుకొనలేడు. తెలిసికొనుటయే అతని పని. తెలియదనుట, తెలిసికొనుట విధి కానిచోట మాత్రమే సమాధానమగును. పిల్లల యెదుట కూర్చుండుటకు ఒప్పుకొన్ననాడే తన మనస్సును తాను తెలిసికొనుట విధి యగుచున్నది. కావున ఆత్మజ్ఞానము మునులకు, యోగులకు వదలివేయదగిన విషయము కాదు. సాయంకాలము రెండు గంటలు అక్షరములు చెప్పువానికి కూడ అది కావలసినదే.

భగవద్గీత రెండవ అధ్యాయమున క్రోధము యొక్క పుట్టుకయు ఫలమును మెట్ల వరుసగా చెప్పబడినవి. చింతన వలన సంగము, సంగము వలన కామము, కామము వలన క్రోధము. క్రోధము వలన సమ్మోహము, అందువలన స్మృతిభ్రంశము, అందువలన బుద్ధినాశము. ఈ వరుసను చిన్ననాడు కంఠస్థము చేసితిమి గాని అరువది దాటిన పిదప అర్థమైనది. క్రోధము మొదటి మెట్టు కాదు. దానికి ముందు ఒక కోరిక కలదు. మనుమడు మా మాటను ఎవరి సాయము లేక అర్థము చేసికొనవలెనన్నదే మా కోరిక. కోపమును మాత్రమే చూచి అణచువాడు ఆ కోరికను ఎన్నడును చూడడు. ఇక స్మృతిభ్రంశమన నేమి? ఖకారపు ఒత్తు మేమింకను చెప్పలేదను సంగతి మాకు ఆ క్షణమున గుర్తుకు రాలేదు. ఇదియే స్మృతిభ్రంశము కాబోలు. పెద్ద మాటకు ఎంత చిన్న ఉదాహరణము!

ఈనాటి మనశ్శాస్త్రజ్ఞులు కూడ ఈ విషయమును పరిశీలించిరి. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అను ఇరువురు అమెరికా పండితులు భావోద్వేగ ప్రజ్ఞ యను భావమును ప్రతిపాదించిరి. 1995లో వెలువడిన డేనియల్ గోల్మన్ గ్రంథము వలన అది లోకమున ప్రచారమొందినది. తన భావములను, ఇతరుల భావములను గుర్తించుట, వానిని ఒకదానినుండి ఒకటి వేరుచేసి చూచుట, ఆ తెలివిని బట్టి ఆలోచించి నడచుకొనుట దీని సారము. ఇందు వేరుచేసి చూచుట యన్నది మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది. ఆకలి, అలసట, అవమానము, దుఃఖము, భయము ఇవి యన్నియు కోపము యొక్క ముసుగునే ధరించి వచ్చును. వచ్చినది ఎవరో ముసుగు తీసి చూచిన గాని తెలియదు. ఆనాడు మా ముసుగు వెనుక నున్నది దుఃఖము.

తెలిసికొనుట వేరు, దాచుకొనుట వేరు. కొందరు ఉపాధ్యాయులు పెదవులు బిగించి, "మాకు కోపమే రాదు" అందురు. పిల్లలు వారికే ఎక్కువ భయపడుదురు. తండ్రి అడుగుల చప్పుడును బట్టియే ఆనాటి కూలి అందినదో లేదో ఎరుగగల పిల్లలకు ఉపాధ్యాయుని ముఖము చదువుట కష్టమా? రోమకుడైన సెనెకా క్రోధమును గురించి వ్రాసిన గ్రంథమున సోక్రటీసు సంగతి యొకటి చెప్పెను. సోక్రటీసు తన దాసునిపై ఆగ్రహించి, తనకు కోపము రాకున్నచో నిన్ను కొట్టియుందునని వానితో అనెనట. దీనిలో వినోదము కలదు గాని లోతు కూడ కలదు. ఆయన తన కోపమును లేదనలేదు, దాచలేదు. ఉన్నదని ఒప్పుకొనెను, ఉన్నందుననే తీర్పును వాయిదా వేసెను. తెలిసిన కోపము చేతిని ఆపును. తెలియని కోపము చేతిని నడుపును.

ఇందుకు పెద్దలు చెప్పు ఆక్షేపణలు మేమెరుగుదుము. "మేము దెబ్బలు తినియే చదువుకొంటిమి, చెడిపోతిమా?" అందురు. మేమును తింటిమి. చదువు వచ్చినవారు ఆ మాట చెప్పుటకు మిగిలియున్నారు. దెబ్బలకు వెరచి బడి మానినవారు ఈ సభలలో లేరు, ఈ సంచికలు చదువరు. వారిని లెక్కలో చేర్పక ఆ లెక్కను ముగింపరాదు. 2009లో చేసిన బాలల విద్యాహక్కు చట్టము యొక్క 17వ సెక్షను బడులయందు శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది. బెత్తమును చూడవచ్చును గాని, ఒక నవ్వులోని విషమును ఏ తనిఖీదారు కొలువగలడు? మా చేతిలో ఆనాడు బెత్తము లేదు.

"జీతము లేక వచ్చి చెప్పువారిపై ఇంత బరువు పెట్టదగునా?" అని మరికొందరు అందురు. ఇది న్యాయమైన ప్రశ్న. మా సమాధానము ఇంతే: జీతము తీసికొననివాడు మరింత జాగ్రత్తగా నుండవలెను. జీతము లేనందున, "ఇంత త్యాగము చేయుచుంటిని, వీరికి కృతజ్ఞత లేదు" అను బాకీ ఒకటి లోలోపల పెరుగును. త్యాగము చేసినవాని కోపమంత నిర్భయమైన కోపము వేరొకటి లేదు. ఇక, తన్ను తాను చూచుకొనుచు కూర్చుండినచో పాఠమెప్పుడను ప్రశ్నకును తావు కలదు. అద్దమును తుడుచుకొనుట అద్దమును చూచుటకు కాదు. మన బాధ తొలగినపుడే ఎదుటి బిడ్డ కనబడును. అందుకు ఐదు నిమిషములు చాలును.

పరభాషాప్రాంతములలో స్థిరపడిన మనబోంట్లకు ఈ జాగ్రత్త మరింత అవసరము. మన తరగతులలో చెప్పువారికి మూడు బాధలు విశేషముగా నుండును. మన భాష మన తరముతో పోవునేమో యను భయము మొదటిది. నలుగురిలో మన పలుకు విని, ఇది తెలుగేనా యని ఆంధ్రమునుండియో తెలంగాణము నుండియో వచ్చిన బంధువులు నవ్వినపుడు కలిగిన సిగ్గు రెండవది. ఇన్ని తరములు నిలుపుకొంటిమను గర్వము మూడవది. ఈ మూడును సహజములే, తప్పులు కావు. కాని వీనిని ఎరుగనిచో, ఒక చిన్న పిల్ల వ్రాసిన ఒక మాట మన జాతి యంతటి పతనముగా కనబడును. భాష యొక్క బరువంతయు తొమ్మిదేండ్ల భుజములపై మోపుదుము. మరాఠీ ఆ పిల్లకు శత్రువు కాదు. అది ఆమె స్నేహితుల భాష, రేపు అన్నము పెట్టు భాష. నాగరలిపి వచ్చుట తెలుగు రాకపోవుట కాదు. తెలుగనగా నవ్వులపాలగుట యని ఒకమారు మనసున నాటుకొన్నచో మాత్రము అది ఆమెకు ఎన్నటికిని రాదు.

మా తరగతిలో అప్పటి నుండి చేయుచున్నవి కొన్ని కలవు. గొప్పవి కావు గాని పనికివచ్చినవి. తలుపు తీయుటకు ముందు ఐదు నిమిషములు కూర్చుండి, ఒక చిన్న పుస్తకమున ఆనాటి నిల్వను ఒక్క పంక్తిలో వ్రాసికొందుము: "అలసట", "ఇంట మాట పట్టింపు", "కారణము తెలియని చికాకు". ఆ పుస్తకమును ఎవరును చూడరు. మేము చెప్పువారము ముగ్గురము ఒక ఒడంబడిక చేసికొంటిమి. ఎవరికైన "ఈ పూట నా నిల్వ బాగులేదు" అనిపించినచో పైకి అనవచ్చును. కారణము అడుగక, వేరొకరు ముందుకు వచ్చి పాఠము చెప్పవలెను. మాలో చిన్నవాడగు కళాశాల విద్యార్థి తొలుత ఇందుకు సిగ్గుపడెను. పరీక్ష తప్పిన వారమున తానే వచ్చి, "అంకుల్, ఈ పూట నా నిల్వ బాగులేదు" అనెను. ఇక తప్పు దిద్దుటకు ముందు, దీనిని మేము నేర్పితిమా యని మమ్ము మేము ప్రశ్నించుకొందుము. ఈ ప్రశ్న అనేక పర్యాయములు ఎర్రసిరాను ఆపినది.

చివరిది, మూడు దినములు రాని బిడ్డ యింటికి పోవుట. ఇందు మాకు ఆదర్శము లేకపోలేదు. భావనగరములో 1920లో బాలమందిరమును నెలకొల్పిన గిజుభాయి బధేకా తొలుత న్యాయవాది. బెత్తము, భయము లేని చదువునకై తన జీవితము ధారపోసెను. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో నేటి మహారాష్ట్రలోని బోర్డీ గ్రామమున పని ప్రారంభించి, పిల్లలు బడికి రానిచోట బడినే వారి వాకిళ్లకు కొనిపోయెను. పిల్లలు రాలేదని పిల్లలను నిందింపక, తన పద్ధతిని మార్చుకొనుటయే ఆమె గొప్పతనము. మేము పదునైదు దినములు ఆలస్యము చేసితిమి.

ఆ బాలిక సంగతి చెప్పి ముగించెదము. ఆనాడు ఆమె యింట, తల్లి యెదుటనే, "తప్పు నాది బిడ్డా" అంటిమి. కాని నలుగురిలో చేసిన అవమానమునకు నాలుగు గోడలమధ్య క్షమాపణ చాలదు. మరునాడు తరగతిలో పిల్లలందరి యెదుట ఆ మాటనే చెప్పితిమి. పిల్లలు వింతగా చూచిరి, ఒకడు నవ్వెను. బాలిక నాలుగు దినములకు వచ్చినది. మొదటి వరుసలో కూర్చుండునది, ఇప్పుడు చివరి వరుసలో కూర్చుండుచున్నది. ముందుకు రమ్మని మేము పిలువలేదు. ఎప్పుడు రావలెనో ఆమెకే తెలియును. ఖకారపు ఒత్తు నేర్పిన దినమున "కార్ఖానా" యని వ్రాసి, పుస్తకమును తానే తెచ్చి చూపెను. ఒత్తు కొంచెము ఎడముగా పడినది. మేము దిద్దలేదు.

గతమాసమున పుణేలోని మా మనుమనికి ఒక ఉత్తరము వ్రాసితిమి. సగము తెలుగున, సగము మరాఠీలో. వాడు ఎంత చదివెనో తెలియదు. ఆ బాకీ మాది. మెల్లమెల్లగా మేమే తీర్చుకొందుము.

మన సంఘములవారు సాయంకాలపు తరగతులకు బల్లలు, పలకలు, పుస్తకములు సమకూర్చుచున్నారు. అందులకు కృతజ్ఞులము. వానితోపాటు, చెప్పువారు నెలకొకమారు కలిసి కూర్చుండి తమ తప్పులను నిర్భయముగ చెప్పుకొనుటకు ఒక గంటయు, ఒక చాపయు కూడ ఏర్పరచిన బాగుండునని మా మనవి. ఆ గంటలో మొదట మాటలాడుటకు ఎవరును ముందుకు రానిచో, మేము సిద్ధముగా నున్నాము.